నడిపించి చూశారా?

తొంభైయారు మార్కుల కాగితం చేతిసంచిలో దాచుకుని, ఎన్నేళ్ళుగానో నడవనంత నిటారుగా నడుస్తూ కుట్టు టీచరు నిన్న సాయంత్రం శిక్షణ కేంద్రం మెట్లు దిగడం చూశాం కదా. వెనకనుంచి అందరూ చప్పట్లు కొట్టారు. ఆమెతోపాటు శిక్షణకి వచ్చిన లెక్కల మాస్టారు తనకొచ్చిన తొంభైయొకటిని పైకెత్తి చూపించి, "ఐదు మార్కుల దూరంలో వెంటాడుతున్నాను టీచరమ్మా, కాస్త వెనక్కి చూసుకుంటూ ఉండండి!" అని అరిచాడు కూడా.

ఆ మార్కులు ఆమెకు ఎందుకంత ప్రాణమో మరొక్కసారి. ఇరవైయేడేళ్ళు ఆమె ఒక వృత్తివిద్యా కాలేజీలో కుట్టుపని నేర్పింది. రెండేళ్ళ కిందట కోర్సుల్ని పరిశీలించే బృందం ఒకటి వచ్చింది. ప్రిన్సిపాల్ గదిలో ఇరవై నిమిషాలు కూర్చుని, కాగితాలు తిరగేసి, టీ తాగి లేచింది. కుట్టు గది గడప తొక్కలేదు. నెల తిరిగేసరికి కోర్సు ఎత్తేశారు. మిషన్లను లారీకెక్కిస్తుంటే వరండాలో ముప్ఫైమంది ఆడపిల్లలు ఎవరి కత్తెర వాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. ఒక్కరూ ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఆమె ఈపాటికి మరిచిపోయేదేమో. ఎప్పటికైనా అలాంటి బృందంలో తనూ ఉండాలి, టీ కప్పు పక్కన పెట్టి లేచి ఆ గదిలోకి వెళ్ళాలి అని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

అందుకే పరిశీలకులకిచ్చే ఈ అయిదు రోజుల శిక్షణ. నేర్పే పెద్దాయన చేతిలో ఎప్పుడూ ఎర్రపెన్ను ఉంటుంది కనుక, చాటున అందరూ ఆయన్ని ఎర్రపెన్ను అనే అంటారు. మొదటి రోజే ఆయన ఒక ఉత్తుత్తి కోర్సు పుస్తకం పంచాడు. పెట్టుడు కాళ్ళు తయారుచేయడంలో రెండేళ్ళ డిప్లొమా. బల్లమీద మోకాలి కింద తెగిన కాలిలాంటి ప్లాస్టర్ బొమ్మ ఒకటి పెట్టాడు. "ఇతనే మీ రోగి. నాలుగు రోజులు మీరే ఆ కోర్సు విద్యార్థులు. పుస్తకంలో చెప్పినట్టు ఆఖరి ప్రాజెక్టు చెయ్యండి. ఈ కాలు దూరే తొడుగు అట్టతో చేసి, రిపోర్టు రాసి ఇవ్వండి. పుస్తకంలో ఉన్న పట్టిక ప్రకారమే మార్కులు వేస్తాను. అయిదో రోజు కుర్చీ మార్చి కూర్చుని, ఆ కోర్సు మంచిదో కాదో మీరే తేల్చండి" అన్నాడు. ఏడుగురిలో మొదట నిలిచినవాళ్ళకి సోమవారం బయలుదేరే అసలు బృందంలో చోటు.

ఈ వేళ ఆ అయిదో రోజు.

*

పొద్దున్నే టీ కప్పు పట్టుకుని ఆమె వంటగది గుమ్మంలో నిలబడింది. ఎదురుగా స్టూలు మీద తమ్ముడు. గడియారాలు బాగుచేస్తాడు. ఆరేళ్ళ కిందట ప్రమాదంలో ఎడమకాలు మోకాలి కింద పోయింది. ఆస్పత్రివాళ్ళు ఉచితంగా ఇచ్చిన పెట్టుడు కాలు అతని పక్కన గోడకి చేరగిలబడి, మనిషికోసం ఎదురుచూస్తున్నట్టుంది.

తమ్ముడు ఒక మేజోడు తొడిగాడు. దానిమీద రెండోది. దానిమీద మూడోది.

ఆరేళ్ళుగా ఆమె చూస్తున్నదే. కానీ చూసినప్పుడల్లా చూపు తిప్పేసుకునేది. ఆస్పత్రి మంచంమీద అతన్ని పోగొట్టుకున్నాననుకున్న ఆ మూడు రోజులు కళ్ళముందుకొస్తాయని భయం. నాలుగు రోజులు పెట్టుడు కాళ్ళ పుస్తకం చదివిన ధైర్యమేమో, ఈ రోజు అడిగేసింది.

"మూడెందుకురా?"

"నా కాలికి చలెక్కువ అక్కా."

"వెటకారం తరవాత. నిజం చెప్పు."

"లూజు. మేజోళ్ళు కుక్కకపోతే లోపల గిలక్కాయలా ఊగుతుంది. కుక్కితే కాస్త నయం. సాయంత్రానికి ఎలాగూ పుండే అనుకో." తమ్ముడు కాలు దూర్చి, గోడ పట్టుకుని లేచాడు. "కొలతలు మాత్రం బ్రహ్మాండంగా తీశారక్కా. టేపు పెట్టి అయిదు చోట్ల. తీరా వచ్చాక చూస్తే అంతా అంగుళం వదులు. కాలంటే చొక్కానా ఏంటి, గాలాడ్డానికి?"

టీచరు గుమ్మంలోంచి వెనక్కి తిరిగింది.

కప్పు గట్టుమీద పెట్టి, చేతిసంచి బోర్లించి, తన ప్రాజెక్టు నకలు తీసింది. మూడో పేజీ. ప్లాస్టర్ కాలి చుట్టుకొలత పన్నెండంగుళాలు. కింద తన చేతిరాతతోనే, తొడుగు చుట్టుకొలత పదమూడు.

అంగుళం లూజు! ఇరవైయేడేళ్ళ అలవాటు. ఒళ్ళు కొలత ఎంతొచ్చినా, మనిషి కూర్చోవాలి, లేవాలి, ఊపిరి తీయాలి అని కాస్త కలుపుకునే చెయ్యి అది. బట్టకి ఆ అంగుళం దయ. కాలికి అదే పుండు. తను ఆలోచించి కలపలేదు, చెయ్యే కలిపేసింది. ఆ ఎర్రపెన్ను ఆ పేజీ మీదుగా వెళ్ళి, చివర తొంభైయారు వేసింది.

"అక్కా, ఏమైంది? దయ్యాన్ని చూసినట్టు అలా అయిపోయావేంటి?"

"దయ్యం కాదురా, నా తెలివి." అప్పటికే ఆమె చెప్పులు వేసుకుంటోంది. "నీ మూడు మేజోళ్ళు నా కళ్ళు తెరిపించాయి. టీ నువ్వే తాగు!"

*

కేంద్రం గేటు దగ్గర లెక్కల మాస్టారు దొరికాడు. ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పిందంతా విని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఊరుకోండి టీచరమ్మా. ఎవరూ చూడలేదుగా. తప్పుందని తేలితే మార్కులు పోతాయి. మార్కులు పోతే సోమవారం సీటు నాది. మీకు తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"నాకే లాభమొచ్చే పని చెయ్యొద్దని నేనే బతిమాలుతున్నాను. ఇంతకన్నా మంచివాడు మీకు దొరకడు."

"దొరకడు మాస్టారూ. అందుకే మీకు ముందు చెప్పాను."

ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "చేజేతులా చేసుకుంటానంటే ఎవరాపుతారు. పదండి."

హాల్లో కుర్చీలు అటునుంచి ఇటు మార్చి ఉన్నాయి. నాలుగు రోజులు తాము విద్యార్థులుగా కూర్చున్న వైపు ఖాళీ. పరిశీలకుల వైపు ఏడు కుర్చీలు, ఏడు గ్లాసుల నీళ్ళు. కిటికీ దగ్గర బల్లమీద ఏడు అట్ట తొడుగులు రిబ్బన్లు కట్టుకుని వరసగా ఉన్నాయి. ఇటు బల్లమీద ప్లాస్టర్ కాలు.

ఎర్రపెన్ను గడియారం చూసుకుని, "చెప్పండి. కోర్సు ఎలా ఉంది?" అన్నాడు.

ఒక్కొక్కరే చెప్పారు. బాగుంది. చాలా బాగుంది. లైబ్రరీలో పనిచేసే అమ్మాయి లేచి, "పుస్తకాల జాబితా కూడా చక్కగా ఉంది సార్. ఏడుగురం చేశాం, ఏడుగురం ఎనభై దాటాం. విద్యార్థులకి ఇంత బాగా వస్తోందంటే కోర్సు మంచిదన్నట్టే" అంది. ఎర్రపెన్ను అన్నీ రాసుకుంటున్నాడు. మొహం చూస్తే గోడకీ ఆయనకీ తేడా లేదు.

"కుట్టు టీచర్ గారూ?"

ఆమె లేచింది. ఈ మాట నోరు దాటితే సీటు దాటిపోతుంది. ఒక్క క్షణం వరండాలో కత్తెరలు పట్టుకున్న పిల్లలు కనిపించారు.

"నాకు తొంభైయారు వచ్చాయి సార్. జన్మలో కాలు చేసినదాన్ని కాదు. నేను చేసిన కాలు ఈ గదిలో ఎవరైనా పెట్టుకుంటారా?"

ఎవరో నవ్వారు. ఎర్రపెన్ను నవ్వలేదు.

"ప్రశ్న వద్దు. విషయం చెప్పండి."

"నా ప్రాజెక్టులో తప్పుంది. పెద్ద తప్పు. మీకు కనపడలేదు. ఎందుకంటే, కనపడేలా మీ మార్కుల పట్టికలో ఒక్క గడీ లేదు." ఆమె కాగితం పైకెత్తింది. "రిపోర్టుకి ముప్ఫై, కొలతల పట్టిక నింపినందుకు ఇరవై, బొమ్మ శుభ్రంగా గీసినందుకు ఇరవై, వస్తువుల జాబితాకి ఇరవై, గడువులో ఇచ్చినందుకు పది. పోయిన నాలుగు మార్కులు కాగితానికి ఎడమవైపు మార్జిన్ వదలనందుకు! కాగితానికి వదలాల్సిన చోట వదల్లేదు, కాలికి వదలకూడని చోట వదిలాను. మీరు మొదటిదానికి కోశారు, రెండోదానికి దండ వేశారు."

"అమ్మా, మూడో సెమిస్టర్‌లో నడకమీద నలభై గంటల పాఠాలున్నాయి. పుస్తకం సరిగ్గా చదివారా?" ఎర్రపెన్ను గొంతు పెరిగింది.

"రెండుసార్లు చదివాను. పాఠముంది. పరీక్షలో లేదు. ఈతమీద నలభై గంటలు చెప్పి, చెరువు మొహం చూపించకుండా పట్టా చేతిలో పెట్టినట్టుంది. నేల విడిచి సాము సార్ ఇది. కాళ్ళ విషయంలో మరీను!"

"మాటలు బాగున్నాయి. రుజువు?"

రుజువు! ఆమె గబగబా కిటికీ దగ్గరికి నడిచింది. తన అట్ట తొడుగు రిబ్బన్ లాగేసి, హాలు ఈ చివరికి తెచ్చి, ప్లాస్టర్ కాలికి తొడిగింది.

అది సర్రున జారి, గిన్నెమీద పెద్దదైన మూతలా గిరగిరా తిరిగి ఆగింది.

నాలుగు రోజులుగా ఆ కాలూ ఆ తొడుగులూ ఒకే గదిలో, పది అడుగుల దూరంలో ఉన్నాయి. ఒకదానికొకటి తొడిగి చూడాలని ఏడుగురిలో ఒక్కరికి తట్టలేదు. పుస్తకంలో లేదు కదా మరి.

"కుట్టేవాళ్ళకి ట్రయల్ అని ఒకటుంటుంది సార్. గుండీ కుట్టకముందే మనిషికి తొడిగి, చెయ్యెత్తమంటాం, కూర్చోమంటాం. ఈ పుస్తకంలో నూట పన్నెండు పేజీలున్నాయి. రోగిని నిలబెట్టి, నాలుగడుగులు వెయ్యమని ఒక్క పేజీలో అడిగితే చూపించండి."

లైబ్రరీ అమ్మాయి అప్పటికే బల్ల దగ్గరికి పరిగెత్తింది. తన తొడుగు తెచ్చి నొక్కింది. సగంలో ఇరుక్కుని అట్ట చిట్లింది. "అయ్యో, నాది దూరడమే లేదు!"

"తప్పుకోండి, తప్పుకోండి" అంటూ మాస్టారు వచ్చాడు. ఆయన తొడుగు పైనా కిందా ఒకే వెడల్పుతో, నీళ్ళ గొట్టంలా నిక్కచ్చిగా ఉంది. కాలిమీద పెట్టగానే కింద వదులు, పైన బిగువు.

"ఇదేంటి మాస్టారూ? కాలా, గొట్టమా?"

ఆయన మొహం ఎర్రబడింది. "అయిదు కొలతలిచ్చారు కదా... సగటు తీశాను."

హాలు గొల్లుమంది. లెక్కల మాస్టారు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరైనా కాలికి సగటు తీస్తారా! ఆయన కూడా కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, "తొంభైయొక్క మార్కుల గొట్టం!" అని దాన్ని బూరలా నోటికి పెట్టుకున్నాడు. ఆ తరవాత ఎవరాపినా ఆగలేదు. ఒకరి తరవాత ఒకరు తెచ్చి పెడుతున్నారు, ఊడుతోంది, ఇరుకుతోంది, పక్కకి వాలుతోంది. ఏడింటికి ఏడూ పాసైనవే. ఏడింటిలో ఒక్కటీ కాలికి పట్టలేదు.

"అయితే మనకొచ్చిన మార్కులే ఈ కోర్సు మీద నేరం మోపుతున్నాయన్నమాట" అంది లైబ్రరీ అమ్మాయి నెమ్మదిగా. నవ్వులు ఆగిపోయాయి.

ఎర్రపెన్ను వచ్చి టీచరు చేతిలోని కాగితం తీసుకున్నాడు. తొంభైయారు కొట్టేసి, పెద్ద సున్న చుట్టాడు.

అయిపోయింది. మాస్టారు తల దించుకున్నాడు.

"విద్యార్థిగా సున్న" అన్నాడాయన. "పరిశీలకురాలిగా, సోమవారం ఎనిమిదింటికి గేటు దగ్గర బస్సు ఆగుతుంది. ఎక్కండి."

*

మాస్టారే మొదట చప్పట్లు కొట్టాడు, ఆ గొట్టాన్ని బల్లకేసి బాదుతూ. టీచరుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కూర్చుంది. మళ్ళీ లేచింది. గ్లాసులో నీళ్ళు గటగటా తాగింది, అది ఎవరి గ్లాసో చూడకుండానే.

టీ విరామానికి అందరూ బయటికి వెళ్ళాక ఎర్రపెన్ను తలుపు దగ్గరికి వేసి, ఆమె ముందొక అచ్చు కాగితం పెట్టాడు.

"సంతకం చెయ్యండి. బృందంలో చేరేవాళ్ళందరూ చెయ్యాలి."

రెండు వాక్యాలు. మేం చూడబోయే కాలేజీలో నా దగ్గరివాళ్ళెవరూ చదవలేదు, దానివల్ల ఏ సేవా పొందలేదు. నాకు తెలిసినంతవరకు ఇది నిజం.

"ఏ కాలేజీ సార్?"

ఆయన ఉత్తుత్తి కోర్సు పుస్తకం అట్ట చించాడు. కింద ఇంకో అట్ట ఉంది. అసలైనది.

"లేనిదని చెప్పాను. ఉంది. తొమ్మిదేళ్ళుగా నడుస్తోంది. అట్ట ఒక్కటే మార్చాను. ఇప్పటిదాకా ఆరు జట్లకి ఇచ్చాను ఈ పుస్తకం. నలభైమంది చదివారు. అందరూ బాగుందనే అన్నారు."

"మరి దీనికి అనుమతిచ్చిందెవరు?"

ఆయన ఆఖరి పేజీ తిప్పాడు. ఎర్రసిరాతో సంతకం. ఆయనదే.

"ఇరవై నిమిషాలు కూర్చున్నాను" అన్నాడు. "టీ బాగుందని గుర్తు."

ఆమెకు కోపం రావాలి. రాలేదు. ఆ ముసలి వేళ్ళు పుస్తకం అంచుని పట్టుకున్న తీరు చూసి ఇంకో ప్రశ్న అడిగింది. "అక్కడ పిల్లలు చేసిన కాళ్ళు ఏమవుతాయి?"

"పెట్టెల్లో పెట్టి ఆస్పత్రులకి పంపుతారు. ఉచితంగా."

ఉచితంగా. తమ్ముడి కాలూ అలా వచ్చిందే. తొంభై నాలుగో పేజీ ఆమెకు కంఠతా వచ్చు. తొడుగు అడుగున, మెత్త కింద, కాలేజీ ముద్రగా వలయంలో త్రిభుజం గుర్తు వెయ్యాలి.

కలం ఆమె చేతిలోనే ఉంది. నాకు తెలిసినంతవరకు అనే కదా రాసింది. ఇప్పటికి తెలియదు. అడక్కపోతే తెలియదు. సోమవారం తరవాత తీరిగ్గా అడగొచ్చు. రెండేళ్ళుగా ఎదురుచూసిన కుర్చీ. ఆ ఒక్క ఫోను చెయ్యకపోతే చాలు.

ఆమె ఫోను తీసింది.

"ఒరేయ్, నీ కాలు విప్పు."

"దుకాణంలో ఉన్నానక్కా! జనం ఉన్నారు!"

"ఉండనీ. విప్పి, లోపల అడుగున మెత్త ఉంటుంది, దాన్ని పీకు."

"పీకితే రేపు నడిచేదెలా?"

"రేపటికి నేనున్నానుగా. పీకరా!"

సణుగుడు, చర్రుమని జిగురు ఊడిన చప్పుడు. "ఏదో గుర్తుందక్కా. గుండ్రంగా... మధ్యలో మూడు మూలలది."

టీచరు కలానికి మూత పెట్టింది. కాగితాన్ని మెల్లగా, రెండు చేతులతో, బల్లమీంచి ఎర్రపెన్ను వైపు తోసింది. ఆయనకి అర్థమైంది.

"ఇంకా ఏదో గీకి ఉందే" అంటున్నాడు తమ్ముడు. "సూదితో గీకినట్టు, చీమ తలకాయంత అక్షరాలు. ఆగు, భూతద్దం పెట్టుకోనీ." గడియారాలు చూసే కన్ను ఆ తొడుగులోకి వంగడం ఆమెకు ఇక్కణ్ణుంచే కనిపించింది. అతను కూడబలుక్కుంటూ చదివాడు. "క్షమించండి. మిమ్మల్ని... నడిపించి చూస్తానంటే... ఒప్పుకోలేదు."

ఆరేళ్ళు! ఆరేళ్ళుగా ఆ మాటమీద పాదం లేని కాలు మోపి నడుస్తున్నాడు తమ్ముడు.

"అక్కా, వింటున్నావా? కింద పేరు కూడా ఉంది. చదవనా?"

ఫోనులోంచి ఆ మాట గదంతా వినిపించింది. ఎర్రపెన్ను చటుక్కున లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. ఎన్నడూ ఖాళీగా చూడని ఆ చెయ్యి ఇప్పుడు పెన్ను లేకుండా ఆమె ఫోను వైపు చాచి ఉంది.

"వద్దు" అన్నాడు. "చదవద్దని చెప్పండమ్మా. ఆ పేరు నాకు తెలుసు."

కుట్టు టీచరు ఆయన కళ్ళలోకి చూసింది. ఫోను చెవికి మరింత ఆనించుకుంది.

"చదవరా" అంది.